మెనింజియోమా గ్రేడ్: రిపోర్టు చేతిలో పెట్టుకుని అందరూ అడిగే ప్రశ్నలు

బయాప్సీ రిపోర్టు పట్టుకుని ల్యాబ్ కౌంటరు దగ్గరికి వచ్చేవాళ్ళు అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. ఆ రిపోర్టులు రాసే పాథాలజిస్టుగా నేను చెప్పే జవాబులను దశలవారీగా ఇక్కడ రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. గ్రేడ్ల లెక్కలన్నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన వర్గీకరణ ప్రకారం ఉన్నాయి. చికిత్స సంగతి మాత్రం మీ న్యూరోసర్జన్‌తో మాట్లాడాకే తేల్చుకోండి.

## స్కాన్ తీసిన కొత్తలో

స్కాన్‌లో మెనింజియోమా అని రాశారు. ఇది మెదడు క్యాన్సరా?

చాలామందిలో కాదు. ఇది మెదడులో పుట్టే గడ్డ కాదు. మెదడు చుట్టూ ఉండే పొరల్లో, అరాక్నాయిడ్ అనే పొర కణాల నుంచి పుట్టి, బయటి నుంచి మెదడును నొక్కుతుంది. 1922లో అమెరికా సర్జన్ హార్వీ కుషింగ్ దీనికి ఈ పేరు పెట్టారు. పుర్రె లోపల పుట్టే గడ్డల్లో అన్నింటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. వీటిలో సుమారు 80 శాతం గ్రేడ్ 1, అంటే నిదానంగా పెరిగే రకం. గ్రేడ్ 2 దాదాపు 15 నుంచి 20 శాతం. క్యాన్సర్‌లా ప్రవర్తించే గ్రేడ్ 3 నూటికి ఒకటి నుంచి మూడు. అయితే గ్రేడ్ 1 అనగానే హాని లేదని కాదు. కంటినరం పక్కన పెరిగే చిన్న గ్రేడ్ 1 గడ్డ కూడా చూపు తీసేయగలదు.

ఇది ఏ స్టేజి? అందరూ అదే అడుగుతున్నారు.

మెనింజియోమాకు స్టేజీలు లేవు. రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్లలో గడ్డ ఎంత దూరం పాకిందో స్టేజి చెబుతుంది. మెనింజియోమా ఒంట్లో వేరే చోటికి పాకడం చాలా అరుదు కాబట్టి ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. ఇక్కడ ఉండేది గ్రేడ్. మైక్రోస్కోపు కింద కణాలు ఎలా ఉన్నాయి, మున్ముందు ఎలా ప్రవర్తించవచ్చు అనే అంచనా అది. 1, 2, 3 అని మూడే గ్రేడ్లు. గ్రేడ్ 2 అంటే సెకండ్ స్టేజి అనుకుని బంధువులందరికీ ఫోన్లు చేసి ఏడ్చినవాళ్ళను చూశాను. ఆ రెండింటికీ సంబంధం లేదు.

ఎమ్మారై చూసి గ్రేడ్ చెప్పలేరా? ఆపరేషన్ దాకా ఎందుకు ఆగాలి?

ఎమ్మారై చూసి ఇది మెనింజియోమా అని చాలావరకు చెప్పగలరు. పొరకు అతుక్కుని ఉండటం, మందు ఎక్కించాక ఒకే తీరుగా మెరవడం, పొర వెంట తోకలా సాగడం దాని గుర్తులు. గ్రేడ్ విషయంలో మాత్రం అనుమానమే తప్ప తీర్పు ఉండదు. అంచులు గజిబిజిగా ఉన్నా, గడ్డకూ మెదడుకూ మధ్య గీత చెరిగిపోయినా, రెండు స్కాన్ల మధ్య వేగంగా పెరిగినా పై గ్రేడ్ కావచ్చని రేడియాలజిస్టు రాస్తారు. చుట్టూ వాపు ఎక్కువగా ఉంటే భయపడతారు గానీ, సెక్రెటరీ అనే గ్రేడ్ 1 రకంలోనూ వాపు బాగా వస్తుంది. గ్రేడ్ తేలేది ముక్క మైక్రోస్కోపు కిందికి వచ్చాకే.

ఆపరేషన్ వద్దు, ఆరు నెలలకు మళ్ళీ రమ్మన్నారు. గ్రేడ్ తెలియకుండా అలా వదిలేయొచ్చా?

వదిలేయడం కాదు, కాపు కాయడం. తలకు దెబ్బ తగిలిందనో, తలనొప్పి అనో తీసిన స్కాన్‌లో బయటపడిన చిన్న గడ్డల్లో చాలావాటికి ఏళ్ళ తరబడి పెద్ద మార్పు ఉండదు. సున్నం పేరుకున్నవి, పెద్ద వయసువాళ్ళలో ఉన్నవి మరీ నిదానం. యూరప్ న్యూరో ఆంకాలజీ సంఘం 2021 మార్గదర్శకాల ప్రకారం లక్షణాలు లేని గడ్డకు ఆరు నెలలకు ఒక ఎమ్మారై, ఆ తర్వాత ఏడాదికోసారి, మార్పు లేకపోతే అయిదేళ్ళ తర్వాత రెండేళ్ళకోసారి చాలు. గ్రేడ్ తెలుసుకోవడం కోసమని పుర్రె తెరవడం నా దృష్టిలో తప్పు లెక్క. ఫిట్స్, చూపు తగ్గడం, కాలూ చేయీ బలహీనపడటం మొదలైతే మాత్రం ఆరు నెలలు ఆగకండి.

అసలు ఇది ఎందుకు వచ్చింది? మా ఇంట్లో ఎవరికీ లేదు.

చాలామందిలో కారణం తేలదు. ఇంట్లో ఎవరికీ లేకపోవడమే మామూలు. ఆడవాళ్ళలో రెట్టింపు కనిపిస్తుంది, ఇందులో హార్మోన్ల పాత్ర ఉంది. చిన్నప్పుడు తలకు రేడియేషన్ తీసుకున్నవాళ్ళకు ముప్పు ఎక్కువ. 1950ల్లో ఇజ్రాయెల్‌లో తలపై తామరకు ఎక్స్‌రేలతో చికిత్స చేసిన పిల్లల్లో దశాబ్దాల తర్వాత ఇవి బయటపడ్డాయి.

మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్, అంటే మన ప్రభుత్వాసుపత్రుల్లో 'అంతర' పేరుతో మూడు నెలలకోసారి ఇచ్చేది, ఏడాదికి మించి వాడినవాళ్ళలో ముప్పు సుమారు అయిదు రెట్లకు పైగా ఉందని 2024లో ఫ్రాన్స్ అధ్యయనం చూపింది. అసలు ఈ గడ్డే తక్కువమందికి వస్తుంది కాబట్టి, అయిదు రెట్లన్నా ఒక్కొక్కరికీ ఉండే ముప్పు చిన్నదే. కానీ మెనింజియోమా ఉందని ఇప్పటికే తెలిసినవాళ్ళు ఆ ఇంజెక్షన్ గానీ సైప్రోటెరాన్ అనే హార్మోను బిళ్ళలు గానీ వాడుతుంటే డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

## ఆపరేషన్‌కీ రిపోర్టుకీ మధ్య

థియేటర్‌లో ఉండగానే ముక్క పరీక్ష చేసి భయం లేదన్నారు. మరి ఫైనల్ రిపోర్టులో గ్రేడ్ 2 ఎలా వచ్చింది?

ఆపరేషన్ మధ్యలో చేసేది ఫ్రోజెన్ పరీక్ష. ఒకటి రెండు చిన్న ముక్కలను గడ్డకట్టించి, సన్నగా కోసి, నిమిషాల్లో చూసి సర్జన్‌కు చెబుతాం. ఇది మెనింజియోమానా, వేరే గడ్డా అన్నదే అప్పటి ప్రశ్న. గడ్డలో మిగతా భాగం ఇంకా థియేటర్‌లోనే ఉంటుంది. విభజన చెందుతున్న కణాలు అన్నిచోట్లా ఒకేలా ఉండవు. తర్వాత అన్ని ముక్కలూ చూస్తున్నప్పుడు ఒక మూల అవి గుంపుగా కనిపించొచ్చు. ముందు చెప్పింది అబద్ధం కాదు, అప్పటికి కనబడింది అంతే.

డిశ్చార్జ్ కాగితంలో 'సింప్సన్ గ్రేడ్ II' అని ఉంది, బయాప్సీలో 'గ్రేడ్ 1' అని ఉంది. ఏది నిజం?

రెండూ నిజమే, రెండూ వేర్వేరు లెక్కలు. సింప్సన్ గ్రేడ్ ఇచ్చేది సర్జన్. 1957లో డొనాల్డ్ సింప్సన్ చేసిన ఈ లెక్క గడ్డను ఎంతవరకు తీశారో చెబుతుంది. I అంటే గడ్డనూ, అది అంటుకున్న పొరనూ, పాడైన ఎముకనూ పూర్తిగా తీశారు. II అంటే గడ్డ మొత్తం తీసి, పొరను కోయకుండా కాల్చారు. III అంటే గడ్డ పూర్తిగా తీశారు గానీ పొరను కోయలేదు, కాల్చలేదు. IV అంటే కొంత మిగిలింది. V అంటే ఒత్తిడి తగ్గించడమో, ముక్క తీయడమో మాత్రమే. బయాప్సీలో ఉన్న గ్రేడ్ ఇచ్చేది పాథాలజిస్టు, అది కణాల స్వభావం గురించి. గ్రేడ్ 1 గడ్డకు సింప్సన్ IV రావచ్చు, గ్రేడ్ 3 గడ్డకు సింప్సన్ I రావచ్చు. ఎవరికైనా ఫోన్లో చెప్పేటప్పుడు ఏ గ్రేడో కూడా చెప్పండి. ఈ ఒక్క గందరగోళం వల్ల పుట్టే టెన్షన్ అంతా ఇంతా కాదు.

రిపోర్టుకు వారం పైన పడుతోంది. ఏమైనా దాస్తున్నారా?

దాచడానికేమీ లేదు. ముక్కలు ఫార్మలిన్‌లో నానాలి, మైనపు బ్లాకుల్లోకి ఎక్కాలి, కోసి రంగులు వేయాలి. గడ్డలో సున్నం ఉన్నా, ఎముక ముక్క వచ్చినా దాన్ని మెత్తబరచడానికే కొన్ని రోజులు పోతాయి. అనుమానం ఉంటే ప్రత్యేక రంగులు వేస్తాం. ఆలస్యమైందంటే పై గ్రేడ్ అని అర్థం కాదు.

## రిపోర్టు చేతికొచ్చాక

ట్రాన్సిషనల్, ఫైబ్రస్, సామోమేటస్... ఈ పేర్లలో ఏది మంచిది?

మెనింజియోమాలో 15 ఉపరకాలున్నాయి. మెనింగోథీలియల్, ఫైబ్రస్, ట్రాన్సిషనల్, సామోమేటస్, యాంజియోమేటస్, మైక్రోసిస్టిక్, సెక్రెటరీ లాంటివి కణాల అమరికను బట్టి పెట్టిన పేర్లు. ఇవి సాధారణంగా గ్రేడ్ 1. వీటిలో ఏది మంచిది అని తర్కించుకోవడంలో లాభం లేదు. సామోమేటస్ అంటే గుండ్రటి సున్నపు రేణువులు నిండుగా ఉన్నాయని. వెన్నులో, పెద్ద వయసు ఆడవాళ్ళలో ఎక్కువగా చూస్తాం.

పేరే గ్రేడ్‌ను నిర్ణయించేవి ముఖ్యంగా రెండు, కార్డాయిడ్, క్లియర్ సెల్. ఇవి ఉంటే నేరుగా గ్రేడ్ 2. క్లియర్ సెల్ రకం చిన్న వయసులో, వెన్నులోనో చిన్నమెదడు దగ్గరో వస్తుంటుంది. దాని వెనక స్మార్క్‌ఈ1 అనే జన్యువులో లోపం ఉంటుంది, అది వంశపారంపర్యం కూడా కావచ్చు. ఇలాంటి రిపోర్టు వస్తే జెనెటిక్ కౌన్సెలింగ్ గురించి అడగండి.

గ్రేడ్ 2 అని ఏం చూసి తేల్చారు?

నాలుగు దారులున్నాయి, ఏ ఒక్కటి తగిలినా గ్రేడ్ 2. మొదటిది విభజన చెందుతున్న కణాల లెక్క. మైక్రోస్కోపులో కణాలు బాగా గుంపుగా ఉన్న చోటు వెతికి, వరుసగా పది ఫీల్డులు (లెన్స్‌లో ఒకసారికి కనబడే చోటు) చూసి, మైటోసిస్‌లు, అంటే విభజన చెందుతున్న కణాలు, లెక్కపెడతాం. ఒక్కో ఫీల్డు 0.16 చదరపు మిల్లీమీటర్లు. 4 నుంచి 19 ఉంటే గ్రేడ్ 2. రెండోది గడ్డ మెదడు కణజాలంలోకి చొరబడటం. మూడోది కార్డాయిడ్ లేదా క్లియర్ సెల్ రకం కావడం. నాలుగోది అయిదు లక్షణాల్లో కనీసం మూడు ఉండటం: కణాలు కిక్కిరిసి ఉండటం, చిన్న కణాలు గుంపు కట్టడం, కేంద్రకంలో న్యూక్లియోలస్ అనే చుక్క కొట్టొచ్చినట్టు కనబడటం, మామూలుగా ఉండే సుడులు పోయి కణాలు పరచినట్టుండటం, తనంతట తాను చచ్చిపోయిన భాగాలు ఉండటం.

మీ రిపోర్టులో ఈ నాలుగింట్లో ఏ కారణం రాశారో చూడండి. వట్టిగా 'ఎటిపికల్, గ్రేడ్ 2' అని మాత్రమే ఉంటే, ఎందువల్లో అడిగి రాయించుకోండి. అది మీ హక్కు. ఆ తర్వాత రేడియేషన్ డాక్టరు కూడా అదే అడుగుతారు.

3 మైటోసిస్‌లకు గ్రేడ్ 1, 4కు గ్రేడ్ 2. ఒక్కదానికే తలరాత మారిపోతుందా?

గడ్డ స్వభావం మారదు, కాగితం మీది అంకె మారుతుంది. 4, 20 అనే హద్దులు 1990ల చివర అమెరికా మేయో క్లినిక్‌లో చేసిన అధ్యయనాల నుంచి వచ్చాయి. వందల మంది రోగులను గమనించి గీసిన గీత అది. ఒక మనిషికి వచ్చేసరికి గీతకు అటూ ఇటూ ఉన్న రెండు గడ్డలు కవలల్లా ఉండొచ్చు. ఏ చోటు ఎంచుకుని లెక్కపెట్టారన్నదాన్ని బట్టి ఇద్దరు పాథాలజిస్టుల అంకెలు కూడా తేడా రావచ్చు. అందుకే రిపోర్టులో గ్రేడ్ ఒక్కటే కాకుండా అసలు లెక్క కూడా రాయాలని నేను పట్టుబడతాను. 4 ఉన్న గ్రేడ్ 2, 18 ఉన్న గ్రేడ్ 2 చికిత్సలో ఒకటి కావు.

'బ్రెయిన్ ఇన్వేషన్' అని రాశారు. మెదడుకు పాకిపోయిందా?

గడ్డ అంచు కణాలు నాలుకల్లా మెదడు కణజాలంలోకి కొంత దూరం చొచ్చుకుపోయాయని అర్థం. మెదడంతా పాకిందని కాదు. 2016 నుంచి ఇదొక్కటి ఉన్నా గ్రేడ్ 2 ఇస్తున్నారు. మిగతా లక్షణాలేవీ లేకుండా ఇది మాత్రమే ఉన్నవాళ్ళలో ముప్పు నిజంగా అంత ఎక్కువా అన్నదానిపై నిపుణుల్లో ఇప్పటికీ వాదన ఉంది. పొరలోకో పుర్రె ఎముకలోకో చొచ్చుకుపోవడం వేరు, దానివల్ల గ్రేడ్ పెరగదు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఇన్వేషన్ కనబడాలంటే గడ్డ అంచున ఉన్న మెదడు ముక్క మా దాకా రావాలి. అది సక్షన్‌లో పోతే, లేదని మేం రాసినదానికి చూడలేకపోయామనే అర్థం.

కీ-67 8 శాతం అని ఉంది. అంటే గ్రేడ్ 2 కావాలి కదా?

అక్కర్లేదు. ఎంత శాతం కణాలు పెరిగే పనిలో ఉన్నాయో కీ-67 చూపిస్తుంది, కానీ గ్రేడ్ ప్రమాణాల్లో అది లేదు. ల్యాబును బట్టి, లెక్కపెట్టిన చోటును బట్టి మారిపోతుంది. గ్రేడ్ 1 రిపోర్టులో ఈ అంకె ఎక్కువగా ఉంటే పాథాలజిస్టు మైటోసిస్‌ల కోసం మళ్ళీ వెతకాలి, డాక్టరు స్కాన్లు కాస్త దగ్గర దగ్గరగా తీయించాలి. దాని పని అంతవరకే.

ఆపరేషన్‌కు ముందు రక్తనాళం మూసే ప్రొసీజర్ చేశారు. అది గ్రేడ్‌ను పాడుచేస్తుందా?

పాథాలజిస్టుకు తెలియకపోతే పొరపాటుకు తావుంది. ఎంబోలైజేషన్ చేస్తే రక్తం అందక గడ్డలో కొంత భాగం చచ్చిపోతుంది. మైక్రోస్కోపులో అది పై గ్రేడ్ గడ్డల్లో కనిపించే నెక్రోసిస్‌లాగే ఉంటుంది. ప్రమాణాల్లో లెక్కకు వచ్చేది దానంతటది జరిగిన నెక్రోసిస్ మాత్రమే. ముక్కతో పాటు పంపే కాగితంలో ఈ ప్రొసీజర్ సంగతి, తేదీ రాశారో లేదో కనుక్కోండి. రెండో అభిప్రాయానికి వెళ్ళినా ఈ మాట ముందే చెప్పండి.

గ్రేడ్ 3 అని ఎప్పుడు అంటారు?

పది ఫీల్డుల్లో 20 లేదా అంతకుమించి మైటోసిస్‌లు ఉంటే, లేదా కణాలు మెనింజియోమా పోలికే పోయి కార్సినోమా, సార్కోమా, మెలనోమా అనే వేరే క్యాన్సర్లలా కనబడితే. 2021లో వీటికి జన్యువుల లెక్క తోడైంది. టెర్ట్ అనే జన్యువును పనిచేయించే భాగంలో (ప్రమోటర్‌లో) మ్యుటేషన్, అంటే మార్పు, ఉన్నా, సీడీకేఎన్2ఏ లేదా 2బీ జన్యువు రెండు ప్రతులూ లేకపోయినా, కణాలు చూడ్డానికి నెమ్మదిగా ఉన్నా సరే గ్రేడ్ 3.

పాత రిపోర్టులో 'రాబ్డాయిడ్, గ్రేడ్ III'. ఇప్పుడు వేరే చోట గ్రేడ్ 1 అంటున్నారు. ఎవరిది తప్పు?

ఎవరిదీ కాకపోవచ్చు. 2021కి ముందు రాబ్డాయిడ్, పాపిల్లరీ అనే ఉపరకం పేరు పడితే చాలు, గ్రేడ్ III. 2021లో ఆ నియమం తీసేశారు. ఇప్పుడు వాటికీ అందరిలాగే మైటోసిస్‌లు, మిగతా లక్షణాలు చూసే గ్రేడ్ ఇస్తారు. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు. ఈ రకాల్లో చాలావాటిలో దూకుడు లక్షణాలు కనిపిస్తాయి. బీఏపీ1 అనే జన్యువు పోయిన రాబ్డాయిడ్ గడ్డలు మళ్ళీ వచ్చే ముప్పు ఎక్కువ. ఆ పరీక్ష చేశారో లేదో అడగండి. రోమన్ అంకెలు పోయి 1, 2, 3 వచ్చింది కూడా 2021లోనే. II, III మధ్య ఒక్క గీత తేడాతో పొరపాటు జరగకూడదనే ఆ మార్పు.

2000కు ముందు ఆపరేషన్ అయింది, 'హిమాంజియోపెరిసైటోమా' అని ఉంది. అదీ మెనింజియోమానేనా?

కాదు. ఒకప్పుడు దాన్ని యాంజియోబ్లాస్టిక్ మెనింజియోమా అని ఇందులోనే కలిపేవారు. ఇప్పుడది సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్, పూర్తిగా వేరే గడ్డ, దాని గ్రేడ్లు కూడా వేరు. స్టాట్6 అనే రంగు వేస్తే తేలిపోతుంది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఎముకలకో ఊపిరితిత్తులకో కాలేయానికో పాకే గుణం దానికుంది. పాత బ్లాకు దొరికితే తిరిగి చూపించడం మంచిది.

జన్యు పరీక్షలు అందరూ చేయించాలా? ఖర్చు చాలా చెబుతున్నారు.

అందరికీ అక్కర్లేదు. పూర్తిగా తీసేసిన, అన్ని విధాలా ప్రశాంతంగా ఉన్న గ్రేడ్ 1కు వాటివల్ల ఇవాళ చికిత్స మారే అవకాశం తక్కువ. గ్రేడ్ 1, 2 హద్దు మీద ఉన్నప్పుడు, గ్రేడ్ 2లో లక్షణాలు గట్టిగా ఉన్నప్పుడు, అనుకున్నదానికంటే ముందే తిరిగొచ్చినప్పుడు వాటికి విలువ ఉంది. సీ-ఇంపాక్ట్-నౌ అనే నిపుణుల బృందం 2025లో ఒక సూచన చేసింది. మైక్రోస్కోపులో గ్రేడ్ 1లా ఉన్నా, 1వ క్రోమోజోమ్ చిన్న చేయి, దాంతోపాటు 22వ క్రోమోజోమ్ పెద్ద చేయి పోయి ఉంటే గ్రేడ్ 2గా లెక్కించాలన్నది ఆ సూచన. పరీక్ష చేయించే ముందు డాక్టరును ఒకటే అడగండి: ఫలితం ఎలా వచ్చినా చికిత్స ఒకటేనా, మారుతుందా?

రెండో అభిప్రాయానికి ఏం తీసుకెళ్ళాలి?

రిపోర్టు జిరాక్స్ ఒక్కటే సరిపోదు. గాజు స్లైడ్లు, మైనపు బ్లాకులు, ఎమ్మారై సీడీ, ఆపరేషన్ నోట్సు తీసుకెళ్ళండి. హైదరాబాద్ నిమ్స్, బెంగళూరు నిమ్హాన్స్, ముంబై టాటా మెమోరియల్ లాంటి చోట్ల మెదడు గడ్డలు రోజూ చూసే పాథాలజిస్టులుంటారు. బ్లాకులు ఇవ్వమని అడిగితే ల్యాబువాళ్ళు నొచ్చుకోరు, సంతకం పెట్టించుకుని ఇస్తారు. ఎండలో కారులో వదిలేయకండి, మైనం కరుగుతుంది.

## ఆ తర్వాత

గ్రేడ్ 1, పూర్తిగా తీసేశారు. ఇక మళ్ళీ రాదు కదా?

చాలామందికి రాదు, కానీ ఒట్టు పెట్టి చెప్పలేం. పూర్తిగా తీశాక కూడా తిరిగి రావడం గ్రేడ్ 1లో 7 నుంచి 25 శాతం, గ్రేడ్ 2లో 29 నుంచి 52, గ్రేడ్ 3లో 50 నుంచి 94 అని పుస్తకాల్లో ఉంటుంది. ఇంత వెడల్పు తేడా ఉండటానికి కారణం గ్రేడ్ ఒక్కటే భవిష్యత్తును నిర్ణయించకపోవడం. గడ్డ ఎక్కడుంది, ఎంత మిగిలింది అన్నవి దానితో సమానం. నడినెత్తిన పెద్ద సిర గోడలోకి పోయిన గ్రేడ్ 1 గడ్డ, పుర్రె పైభాగంలో శుభ్రంగా తీసేసిన గ్రేడ్ 2 కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టొచ్చు.

గ్రేడ్ 2కు రేడియేషన్ తప్పదా?

గడ్డ కొంత మిగిలితే ఎక్కువమంది డాక్టర్లు ఇవ్వమనే అంటారు. పూర్తిగా తీసేసినప్పుడే చిక్కు. వెంటనే ఇవ్వాలా, స్కాన్లతో కనిపెట్టుకుని తిరిగొస్తే ఇవ్వాలా అన్నదాని కోసమే యూరప్‌లో రోమ్, అమెరికాలో ఎన్ఆర్‌జీ బీఎన్003 అనే అధ్యయనాలు రోగులతో పెట్టారు. అందుకని ఒక ఆసుపత్రిలో ఇవ్వమని, ఇంకో ఆసుపత్రిలో వద్దని చెప్పినంత మాత్రాన ఎవరో మోసం చేస్తున్నారని అనుకోకండి. గ్రేడ్ 3లో ఈ సందిగ్ధం లేదు. పూర్తిగా తీసినా రేడియేషన్ ఇస్తారు, సాధారణంగా ఆరు వారాలు, సుమారు 60 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత).

ఆపరేషన్ తర్వాత ఎన్నాళ్ళకోసారి ఎమ్మారై?

యూరప్ మార్గదర్శకాల ప్రకారం పూర్తిగా తీసిన గ్రేడ్ 1కు అయిదేళ్ళు ఏడాదికోసారి, తర్వాత రెండేళ్ళకోసారి. గ్రేడ్ 2కు అయిదేళ్ళు ఆరు నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి. గ్రేడ్ 3కు మూడు నుంచి ఆరు నెలలకోసారి. పాత స్కాన్ సీడీ ప్రతిసారీ వెంట తీసుకెళ్ళండి. పాతదాని పక్కన పెట్టి చూడకపోతే రెండు మిల్లీమీటర్ల పెరుగుదల ఎవరికీ కనబడదు.

తిరిగొచ్చినప్పుడు గ్రేడ్ పెరుగుతుందా?

కొందరిలో పెరుగుతుంది. గ్రేడ్ 1గా తీసింది కొన్నేళ్ళకు గ్రేడ్ 2గా, 2గా ఉన్నది 3గా రావచ్చు. అందుకే రెండోసారి ఆపరేషన్ అయితే మళ్ళీ కొత్తగా గ్రేడ్ ఇస్తాం, పాత రిపోర్టులోది దించేయం. మొదటి బ్లాకులు కూడా అప్పుడు పక్కన ఉంటే గడ్డ నిజంగా మారిందా, మొదట్లోనే ఏదైనా మూల పైగ్రేడ్ భాగం తప్పిపోయిందా అన్నది తెలుస్తుంది.

ఒక గడ్డ కాదు, మూడు ఉన్నాయన్నారు. పిల్లలకు కూడా పరీక్ష చేయించాలా?

గడ్డలు ఎక్కువ ఉన్నాయి కాబట్టి గ్రేడ్ ఎక్కువని కాదు. పెద్ద వయసులో రెండు మూడు ఉండటం వంశపారంపర్యం కాకుండానే జరుగుతుంది. కానీ రోగి వయసు చిన్నదైతే, రెండు చెవుల నరాల మీదా గడ్డలుంటే, వినికిడి తగ్గుతుంటే ఎన్ఎఫ్2 అనే జన్యు జబ్బు కోసం చూడాలి. అది ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ వచ్చే అవకాశం సగానికి సగం. పరీక్ష ముందు రోగికి చేసి, లోపం దొరికితేనే పిల్లలకు చేస్తారు.